వరహాలమ్మ గారి చెరువులో నాలుగు మేతలు

నా దగ్గర మొదట ఉన్నవి అరవై మూడు రోజులు. రోజుకు రెండున్నర గంటలు చదువుకోగలనని ఉన్నదున్నట్టు లెక్కవేసుకుంటే నూట యాభై ఏడున్నర గంటలు. ఆ గంటల్లో, ఒక్క ముక్క కూడా తెలియని పోర్చుగీసు భాష నాకు పని జరిగేటంత మటుకు నోటికి రావాలి.

ఎందుకో చెబుతాను. మొగల్తూరు దాటాక ఉప్పుటేరు వెంబడి ఉన్న రొయ్యల చెరువుల్లో నేను నాలుగేళ్లుగా టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మొజాంబిక్ తీరాన కొత్తగా చెరువులు తవ్విన ఒక కంపెనీ నన్ను పిలిచింది. నీళ్ల ఉప్పదనం గురించీ, ఆక్సిజన్ గురించీ, రొయ్య జబ్బుల గురించీ ఇంగ్లీషులో అడిగారు, చెప్పాను. చివర్లో ఒక షరతు పెట్టారు. అక్కడ చెరువుల మీద పనిచేసే ముప్ఫై ఎనిమిది మందికి పోర్చుగీసూ, వాళ్ల ఊరి భాషా తప్ప మరొకటి రాదు. వాళ్లందరికీ పెద్ద, అమేలియా సితోయె అనే ఆవిడ. అరవై మూడో రోజున నేను ఆవిడతో ఫోనులో పావుగంట మాట్లాడాలి. 'ఇతనితో నేను పని చేయగలను' అని ఆవిడ అంటే నాకు టికెట్టు. అనకపోతే జాబితాలో నా తర్వాత ఉన్నవాడికి. ఆవిడ నంబరు ఇచ్చారు. ఆవిడే పలకరింపుగా నలభై సెకన్ల మాట రికార్డు చేసి నాకు పంపింది. పదిసార్లు విన్నాను. అందులో నాకు అర్థమైంది నా పేరొక్కటే.

సొంతంగా నేర్చుకోవడం నాకు కొత్త కాదు. కంప్యూటరులో పట్టికలు వేయడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాను. మైక్రోస్కోపు చూడడం కూడా అంతే. కాబట్టి పోర్చుగీసు నేర్పే పద్ధతులన్నీ వెతికి నాలుగు తేల్చాను. ఒకటి ఫోనులో ఆటలా నేర్పే యాప్. రెండోది ఐదువందల పేజీల పుస్తకం, వెనక అభ్యాసాలూ జవాబులూ ఉన్నది. మూడోది ఒకావిడ నవ్వుతూ చెప్పే వీడియో పాఠాలు. నాలుగోది బొమ్మా అక్షరమూ లేకుండా చెవితో విని నోటితో అనవలసిన తొంభై పాఠాలు, ఒక్కొక్కటి అరగంట. ఈ నాలుగింటికీ పదకొండు గడుల పట్టిక వేశాను. ఎన్ని మాటలు నేర్పుతుంది, ఎన్ని గంటలు పడుతుంది, నేర్చుకున్నవాళ్లు ఎన్ని నక్షత్రాలు ఇచ్చారు, సర్టిఫికెట్టు ఉందా, పోర్చుగల్ పలుకుబడా బ్రెజిల్ పలుకుబడా, ఇలాంటివి. నూటికి యాప్‌కు డెబ్బై ఎనిమిది పాయింట్ నాలుగు వచ్చింది, వీడియోలకు డెబ్బై ఎనిమిది పాయింట్ ఒకటి. ఒక గడికి ఇచ్చిన విలువ కాస్త మార్చితే ఒకటోది రెండోది అయిపోయేది. మార్చాను, మళ్లీ మార్చాను. అలా తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు పొద్దున్నే గురువుగారి దగ్గరికి వెళ్లాను.

మా గురువుగారు వెంపల సోమేశం గారు. మా వైపు వరిచేలు చెరువులుగా మారిన తొలినాళ్ల నుంచీ నీళ్లలో ఉన్న మనిషి. డిగ్రీ లేదు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లం ఇప్పటికి పదిహేడు మందిమి. ఎవరి దగ్గరా రూపాయి తీసుకోలేదు. ఆయనకు ఒక అలవాటుంది. ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పరు, పని చెబుతారు. నీళ్ల రంగు ఎందుకు మారిందండీ అని అడిగితే బకెట్టు చేతికిచ్చి పంపిస్తారు. ఆ బకెట్టుతో తిరిగి వచ్చేసరికి చాలాసార్లు ప్రశ్న ఉండదు.

ఆయన ముందు ఫోను పెట్టి పట్టిక చూపించాను.

"గురువుగారూ, ఈ నాలుగింట్లో ఏది తీసుకోమంటారు?"

"నాకు పోర్చుగీసు రాదు కదరా భాస్కరం."

"రాకపోయినా ఫర్వాలేదండి. మంచిది ఏదో ఎలా తేల్చుకోవాలో చెప్పండి చాలు."

ఆయన ఫోనును చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని కాసేపు చూశారు. "ఎన్నాళ్లయింది ఇది మొదలెట్టి?"

"తొమ్మిది రోజులండి."

"తొమ్మిది రోజుల్లో ఎన్ని ముక్కలొచ్చాయి?"

"చదవడం ఇంకా మొదలెట్టలేదండి. ఏది మంచిదో తేలాక ఒక్క ఊపులో..."

ఫోను నాకు తిరిగిచ్చి, తువ్వాలు భుజాన వేసుకున్నారు. "బండి తియ్యి. వరహాలమ్మ గారు రమ్మన్నారు" అన్నారు.

గుత్తుల వరహాలమ్మ గారు రెండెకరాల చెరువు సొంతంగా చేయించుకుంటున్న మనిషి. యాభై దాటాయి. మేత కంపెనీల ఏజెంట్లు ఆవిడ నోటికి జడిసి గట్టు అవతలి నుంచే దణ్ణం పెట్టి పోతారు. మేం వెళ్లేసరికి షెడ్డులో నాలుగు బస్తాలు వరుసగా నిలబెట్టి, వాటి ముందు నడుమున చేతులు పెట్టుకుని నిలుచుంది. రొయ్యకు నలభై ఐదు రోజులు నిండాయి. ఆ రోజు నుంచి పెద్ద గుళికల మేతకు మార్చాలి. పట్టుబడి దాకా, అంటే రొయ్యలు పట్టి అమ్మేదాకా, డెబ్బై రోజులకు పైగా అదే మేత. పంట నిలిచేదీ పోయేదీ ఆ మేతతోనే.

"అన్నయ్యగారూ, నలుగురు నాలుగు బస్తాలు దించి పోయారు. ఒక్కొక్కడూ వాడిదే అమృతం అంటాడు. ఏది వెయ్యమంటారు?"

గురువుగారు నా వైపు చూశారు. "మా భాస్కరం చెబుతాడమ్మా."

"ఈ అబ్బాయా? మొన్న చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్ ఆగిపోయిందయ్యా, చూడు అంటే, అది నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో లెక్క చెప్పి వెళ్లిపోయాడు. చుట్లు నేనే తిరిగాను, మెకానిక్కు కోసం."

నేను నవ్వేసి బస్తాల మీద పడ్డాను. మాంసకృత్తులు ఎంత శాతం, కొవ్వు ఎంత, పీచు ఎంత, తేమ ఎంత, కిలో రొయ్య పెరగడానికి ఎంత మేత పడుతుందని వాళ్లు చెప్పుకున్నారు, అన్నీ ఫోనులోకి ఎక్కించాను. ఇరవై నిమిషాల్లో పట్టిక తయారైంది. "మూడో బస్తా అండి. ఎనభై ఒకటి వచ్చింది. దాని తర్వాతది ఒకటోది, డెబ్బై తొమ్మిది" అన్నాను.

గురువుగారు మూడో బస్తాను చేత్తో తట్టారు. "దీని మీద రాసింది నువ్వు చదివావు. రొయ్య చదవదు."

అని, వరహాలమ్మ గారితో పదింటి మేత చెరువంతా ఆపించమన్నారు. నాతో నాలుగు చెక్ ట్రేలు తెమ్మన్నారు. చెరువు పని తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. చెక్ ట్రే అంటే ఇనప చట్రానికి సన్న వల బిగించి, నాలుగు మూలలా తాళ్లు కట్టిన పళ్లెం లాంటిది. అందులో కొంచెం మేత పెట్టి నీళ్లలోకి దించుతాం. రెండు గంటల తర్వాత పైకి లాగి ఎంత మిగిలిందో చూస్తాం. చెరువు అడుగున ఏం జరుగుతోందో కంటికి కనబడదు కాబట్టి మాకు అదే కన్ను. "నాలుగు గట్లకీ నాలుగు. ఒక్కోదాంట్లో ఒక్కో మేత. యాభై గ్రాములు, ఎక్కువా వద్దు తక్కువా వద్దు" అన్నారు ఆయన.

యాభై గ్రాముల చొప్పున నాలుగు పొట్లాలు తూచుకుని గట్టు చుట్టూ బయలుదేరాను. మొదటిది సరిగ్గా పది గంటలకు దించాను. రెండోది నాలుగు నిమిషాల తర్వాత. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి తాడు చిక్కుపడింది, పది గంటల పదకొండు నిమిషాలయింది. నాలుగింటికీ సమయం సమానంగా ఉంటేనే కదా లెక్క నిలిచేది. ఆ తొందరలో ట్రేను నీళ్లలోకి వదిలేసి నాలుగోదాని దగ్గరికి పరుగెత్తాను.

పన్నెండు దాకా షెడ్డు నీడలో కూర్చున్నాం. వరహాలమ్మ గారు మజ్జిగ ఇచ్చింది. నా ప్రయాణం సంగతి ఆవిడకు ముందే తెలుసు.

"అయితే అబ్బాయ్, ఆ దేశంలో రొయ్యని ఏమంటారు?"

"ఇంకా తెలీదండి."

"పోనీ నీళ్లని?"

"అదీ ఇంకా..."

"మరి అన్నం పెట్టమ్మా అని అడగాలంటే?"

నేను మజ్జిగ తాగుతున్నట్టు గ్లాసు పైకెత్తాను.

"తొమ్మిది రోజుల నించీ చదువుతున్నాడన్నారు గదండీ, అన్నయ్యగారూ?"

"చదువు ఎంచుకుంటున్నాడమ్మా" అన్నారు గురువుగారు.

"ఓహో. మా చిన్నాడపడుచు ఇలాగే పెళ్లికి చీర ఎంచుకుంటూ కూర్చుంది. తాళి కట్టే వేళకి పాత చీరతో కూర్చోబెట్టాం" అంది ఆవిడ, గ్లాసు నా చేతిలోంచి తీసుకుంటూ.

పన్నెండింటికి ట్రేలు లాగాం. ఒకటోదాంట్లో సగానికి పైగా మేత అలాగే ఉబ్బి ఉంది. రెండోదాంట్లో చెంచాడు మిగిలింది. నాలుగోదాంట్లో పావు వంతు. మూడోది పూర్తిగా ఖాళీ. వల మీద కడిగినట్టు ఒక్క గుళిక లేదు. పట్టికలో మొదటిది ఏదో, ట్రేలోనూ అదే. "చూశారా అండీ, మూడోదే" అన్నాను.

గురువుగారు నాలుగు గిన్నెలు తెప్పించారు. ప్రతి ట్రేలోనూ చిక్కిన రొయ్యల్లోంచి నాలుగేసి ఏరి వేరువేరు గిన్నెల్లో వేయమన్నారు. రెండో గిన్నెలోంచి ఒకదాన్ని తీసి నా చేతిలో పెట్టి, "సూర్యుడికి అడ్డం పట్టి చూడు" అన్నారు. రొయ్య వీపు వెంబడి పేగు దారంలా కనబడుతుంది. పెంకు పల్చన కాబట్టి వెలుతురుకి పడితే లోపల ఏముందో దాపరికం ఉండదు. మేత తింటే మేత రంగులో ఉంటుంది. మేత దొరక్క అడుగు బురద కెలుక్కుంటే నల్లగా ఉంటుంది. రెండో గిన్నెలో రొయ్యకు ఆ దారం తల నుంచి తోక దాకా ఎక్కడా తెగకుండా గోధుమరంగులో ఉంది. మిగతా మూడూ అంతే. తర్వాత మూడో గిన్నెలోంచి తీశాను. దారం నల్లగా ఉంది, మధ్యలో రెండుచోట్ల తెగి ఉంది. ఇంకొకటి తీశాను. అదీ అంతే. నాలుగూ చూసి, మొదటిదాన్ని మళ్లీ చూశాను.

"మరి ట్రే ఖాళీగా ఉంది కదండీ?"

"నువ్వు దాన్ని ఎలా దించావు?" అని అడిగారు గురువుగారు.

అప్పుడు గుర్తొచ్చింది. ట్రేను నీళ్లలోకి చంటిపిల్లను ఉయ్యాల్లో దించినట్టు దించాలి. ఒక్కసారిగా వదిలితే నీళ్లు పైకి ఎగదన్ని మేత చెదిరిపోతుంది. ఈ పనిలో చేరిన మొదటి వారంలో ఆయన నాకు నేర్పింది ఇదే. నేను దించలేదు, వదిలేశాను. నిమిషాలు సమానంగా ఉండాలని వదిలేశాను. జరిగింది చెప్పాను.

"ట్రే ఖాళీ అయింది నిజమే" అన్నారు గురువుగారు. "తిన్నవాళ్లెవరూ లేరు."

వరహాలమ్మ గారు అప్పటికే షెడ్డు వైపు నడుస్తోంది. "రెండో బస్తా విప్పండర్రా" అని పనివాళ్లను కేకేసింది. నాకు మనసొప్పలేదు. నా పొరపాటు వల్ల మూడోదానికి అన్యాయం జరిగింది. పైగా ఒక్కసారి చూసిన చూపు చూపే కాదు. ఆవిడ వెనకాల నడిచాను.

"వరహాలమ్మ గారూ, ఒక్కసారి చూస్తే తేలదండి. ఏ గట్టున రొయ్య ఎక్కువ తిరుగుతుందో మనకు తెలీదు. ట్రేలు గట్లు మార్చి రోజుకో రకంగా నాలుగు రోజులు తిప్పితే ఖచ్చితంగా తేలుతుంది."

"తిప్పు. నాలుగు కాకపోతే ఎనిమిది రోజులు తిప్పు. నేను వద్దన్నానా? మూడోదే మంచిదని నువ్వు తేల్చిన రోజున మూడోదే వేయిస్తాను." ఆవిడ బస్తాలోంచి గుప్పెడు మేత తీసి వాసన చూసింది. "మధ్యాహ్నం రెండింటికి మాత్రం నా చెరువులో మేత పడాలి. నువ్వు తేల్చేదాకా అవి పస్తుంటాయేంటి?"

గురువుగారు తూము దగ్గర చేతులు కడుక్కుంటున్నారు. ఆ మాట ఆయన విన్నారో లేదో తెలియదు. నేను మాత్రం బండి మీద ఇంటికి వచ్చేదాకా దాన్నే విన్నాను. తొమ్మిది రెండున్నరలు ఇరవై రెండున్నర గంటలు. నేను మేత వేయని గంటలవి. దారిలో గురువుగారు నాతో మాట్లాడింది ఒక్కటే: గుంటలు చూసి నడపరా అని.

మర్నాటి నుంచి నాలుగు రోజులు నేను చేసింది ఇది. రోజుకు ఒక పద్ధతి. పది నుంచి పదకొండు దాకా, తొందర లేకుండా. ఆ తర్వాత అన్నీ మూసేసి నా చెరువుల పని మీద పోవడం. ఒంటిగంటకు గట్టు మీద నిలబడి, ఏదీ చూడకుండా నోటితో ఎన్ని వాక్యాలు పైకి అనగలనో లెక్కపెట్టుకోవడం. మర్నాడు లేవగానే మరోసారి లెక్కపెట్టడం. ఆ తర్వాత అమేలియా గారి నలభై సెకన్లు వినడం. మిగిలిన గంటన్నరలో ఆ రోజు చేతిలో ఉన్నదాన్నే చదివాను. తేలేదాకా అని ఏ రోజునూ ఖాళీగా వదల్లేదు.

మొదటి రోజు యాప్. గంటలో నలభై ఒక్క అభ్యాసాలు పూర్తిచేశాను. దాదాపు అన్నిటికీ పచ్చ గుర్తులు, తొంభై ఆరు శాతం. ఒంటిగంటకు నోట్లో ఆరు మాటలున్నాయి: ఆపిల్, అబ్బాయి, రొట్టె, ఇలాంటివి. వాక్యం ఒక్కటి లేదు. నాలుగేసి జవాబులు అదే చూపించి ఒకటి నొక్కమంటుంది కాబట్టి నొక్కుకుంటూ పోయానని అప్పుడు తెలిసింది. రెండో రోజు పుస్తకం. మాటల చివర్లు ఎందుకు మారతాయో ఎవరికైనా పాఠం చెప్పగలిగేంత అర్థమైంది. మంచినీళ్లు కావాలని అడగడం మాత్రం రాలేదు. మూడో రోజు వీడియోలు. గంట గడిచిందే తెలియలేదు. ఆవిడ నవ్వూ, ఆవిడ వెనకున్న నీలం గోడా ఇప్పటికీ కళ్ల ముందున్నాయి. నోట్లో ఉన్నవి పలకరింపులు మూడు. మర్నాడు పొద్దున్నకు రెండు.

నాలుగో రోజు చెవి పాఠాలు. పట్టికలో దీనికి వచ్చినవి అరవై మార్కులు. సర్టిఫికెట్టు లేదు, నక్షత్రాలు ఇచ్చినవాళ్లూ పెద్దగా లేరు. ఒక గొంతు ఒక వాక్యం అంటుంది, ఆగుతుంది, నువ్వు అనాలి. మళ్లీ కాసేపటికి హఠాత్తుగా అదే అడుగుతుంది, నువ్వు మర్చిపోయి ఉంటావు, సిగ్గేస్తుంది. ఒక్క అరగంట పాఠాన్నే రెండుసార్లు చేశాను. విసుగొచ్చింది. పదకొండుకు మూసేసి బండెక్కాను. ఉప్పుటేరు వంతెన దాటుతుంటే, నేను అడక్కుండానే, నోట్లోంచి ఒక వాక్యం వచ్చింది. ఎదురుగా సైకిలు మీద వస్తున్న ముసలాయన "ఏంటి బాబూ?" అని ఆగాడు. ఏం లేదండి అన్నాను. ఒంటిగంటకు లెక్కపెడితే తొమ్మిది వాక్యాలు. మర్నాడు పొద్దున్న ఏడు, మిగతా రెండు పళ్లు తోముకుంటుంటే వచ్చాయి. అమేలియా గారి నలభై సెకన్లు పెట్టాను. ముందు బోం దియా అంది, అంటే శుభోదయం. మధ్యలో నీళ్ల మాట, ఆగ్వా, పట్టుకున్నాను. చివర్లో ఆవిడ నన్ను ఏదో అడుగుతోందని గొంతును బట్టి తెలిసింది. ఏమిటో తెలియలేదు. కానీ అడుగుతోంది. ఇన్ని రోజులూ అది పలకరింపు అనుకున్నాను.

వరహాలమ్మ గారి చెరువులోనూ ఆ నాలుగు రోజులు ట్రేలు తిప్పాను. మూడో మేత, సరిగ్గా దించాక, అంత చెడ్డదేమీ కాదని తేలింది. అయినా రెండోదాన్ని మించలేదు. ఆవిడకు చెప్పాను. "సరే అయితే, నాలుగు రోజుల మేత దండగ కాలేదు" అని తన పని చూసుకుంది.

పదిహేనో రోజు పదకొండింటికి గురువుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన గట్టు మీద పాకలో కూర్చుని చిరిగిన విసురువలకు ముళ్లు వేసుకుంటున్నారు. ఈసారి ఫోను తీయలేదు. నాలుగు రోజుల లెక్కా, రికార్డు చివర అమేలియా గారు ఏదో అడిగిన సంగతీ నోటితోనే చెప్పాను.

"చెవి పాఠాలే తీసుకున్నానండి. నిన్న రాత్రే డబ్బు కట్టేశాను. నలభై తొమ్మిది రోజులున్నాయి. తొంభైలో ఒకటి అయింది, ఎనభై తొమ్మిది మిగిలాయి. రోజుకు రెండు చొప్పున నలభై ఐదు రోజులు. నాలుగు రోజులు మిగులుతాయి, అప్పుడు మొత్తం తిరగేస్తాను. అరవై మూడో రోజుకి ఏ తప్పూ లేకుండా తయారుగా ఉంటాను."

ఆయన ముడి బిగించి దారం కొరికారు. "బాగుంది" అన్నారు.

ఆ 'బాగుంది' నాకు చాలు. లేవబోయాను.

"ఆ అమ్మ నిన్నేదో అడిగిందన్నావు?"

"అవునండి. ఆ రికార్డులో. ఏం అడిగిందో ఇంకా తెలీలేదు. బహుశా ముప్ఫై, ముప్ఫై ఐదు పాఠాలయ్యాక తెలుస్తుంది."

"ఎప్పుడు అడిగింది?"

వేళ్ల మీద లెక్కపెట్టాను. పద్నాలుగు రోజులు. పద్నాలుగు రోజుల కిందట ఒక మనిషి నన్నొక మాట అడిగి, జవాబు కోసం చూస్తూ ఉంది. నా మీద అవునో కాదో అనవలసిన మనిషి. నేను ఆవిడను అరవై మూడో రోజున వచ్చే పరీక్ష అనుకుంటున్నాను. ఆవిడ అక్కడ రోజూ పొద్దున్నే చెరువుల మీదికి వెళ్తోంది.

"ఇప్పుడే చెయ్యమంటారా గురువుగారూ? ఒక్క పాఠంతోనా?"

ఆయన వల మీంచి తల ఎత్తలేదు. చెయ్యి చూపి, సిగ్నలు తూము దగ్గర బాగా వస్తుందన్నారు.

తూము దగ్గరికి నడిచాను. పదకొండూ ఇరవై ఆరు. అక్కడ మనకంటే మూడున్నర గంటలు వెనక. ఇంకో నాలుగు నిమిషాల్లో అక్కడ ఎనిమిది, ఆవిడ పనిలోకి వచ్చే వేళ. నా దగ్గర తొమ్మిది వాక్యాలున్నాయి. నాలుగు ఏరుకున్నాను: శుభోదయం. నా పేరు భాస్కరం. నేను నేర్చుకుంటున్నాను. దయచేసి మెల్లగా మాట్లాడండి. వరసగా రెండుసార్లు పైకి అనుకున్నాను. రెండోసారి మూడో వాక్యం తడబడింది. ఇప్పుడు నేను వెర్రివాడిలా మాట్లాడితే అరవై మూడో రోజు దాకా ఆగకుండానే ఆవిడ నన్ను కాదనవచ్చు. నా తర్వాతి పేరు పిలవవచ్చు. అది మాత్రం ఏ పట్టికలోనూ వేయలేని లెక్క. చెమట పట్టిన బొటనవేలిని చొక్కాకు తుడుచుకుని, ఆవిడ నంబరు తెర మీదికి తెచ్చి, వెనక్కి తిరిగాను.

"తప్పులు దొర్లుతాయండి, గురువుగారూ" అన్నాను, పాక దాకా వినబడేలా.

పదకొండున్నర అయింది. ఆయన వల ఎత్తి, వెలుతురులో ఇంకా ఎక్కడెక్కడ చిరిగిందో చూసుకుంటున్నారు.

"తప్పులు మాట్లాడేవాడివని అనుకుంటుంది. మాట్లాడనివాడివని అనుకోదు."